గోడెక్కిన అత్త

రండమ్మా, ఆ పీట ఇటు లాక్కుని దగ్గరగా కూర్చోండి. కాళ్లు చాపుకోవాలంటే చాపుకోండి, మన ఇంట్లో మొహమాటం లేదు. పొయ్యి మీద ఏమైనా పెట్టి వచ్చుంటే ముందు పోయి దించి రండి. ఎందుకంటే మా అత్త బతికుండగానే చచ్చిపోయిన సంగతి చెప్పబోతున్నాను. మధ్యలో లేచిపోతే మీ మనసులో ఆమె చచ్చినట్టే ఉండిపోతుంది. ఆమెకు అది నచ్చదు.

మాది మైపాడుకు కాస్త దూరంలో సముద్రం ఒడ్డున పల్లె. మగవాళ్లు పడవేసుకుని వేటకు పోతారు. ఆడవాళ్లం చేపలు అమ్ముతాం, అమ్ముడుపోనివి ఉప్పేసి ఎండబెడతాం. నేను రెండో తరగతి దాకా బడికి పోయాను. నా బుర్రలో అక్షరాలు పెద్దగా నిలవలేదు గానీ గుడ్డలు నిలిచాయి. ఎవరి పెళ్లిలో ఎవరు ఏ చీర కట్టుకున్నారు, దాని అంచు మీద నెమలి ఎటు చూస్తోంది, అడగండి, ఇప్పటికీ చెబుతాను.

మా వైపు బొంత లేని ఇల్లు ఉండదు. పాత చీరలు మడతలేసి, పొడుగునా దారం కుట్లు వేసుకుంటూ పోతే బొంత. చంటిబిడ్డలకు పక్క అదే, ముసలివాళ్లకు దుప్పటి అదే, వానాకాలం గుమ్మంలోకి నీళ్లు రాకుండా అడ్డం వేసేదీ అదే. నేను కుట్టేవి ఆ బొంతలు కావు. అన్నం తినే కంచం ఎంతో నా బొంత అంత. కప్పుకుంటే ఒక మోకాలు కూడా దాగదు.

ఈ పిచ్చి నాకు అంటించింది కోవూరులో బట్టలు కుట్టే ఒక అక్క. ఆమెకు నేను రొయ్యలు తీసుకుపోయి ఇచ్చేదాన్ని. ఒకసారి పోయేసరికి ఆమె ఇంటి గోడకు చిన్న బొంత వేలాడుతోంది. పూల గుడ్డ ముక్కలతో కొండ, నీలం గుడ్డతో ఆకాశం, మధ్యలో తెల్ల గొర్రెపిల్ల. గొర్రెపిల్ల బొచ్చంతా రంగు అద్ది వేసిందే.

“ఇదేందక్కా?” అన్నాను.

“గోడకి బొంత మే. మా చర్చికి ఒకటి కుట్టినా. మిగిలిన ముక్కలతో ఇది.”

“గోడకి చలేస్తదా ఏంది?”

ఆమె మిషను ఆపి నవ్వింది. “చలి లేదు గానీ సిగ్గుండాది. సున్నం పెచ్చులూడిపోయినాయి, దాని మీద కప్పినా.”

ఆ రోజు రొయ్యల గంపతో పోయినదాన్ని గుడ్డ ముక్కల మూటతో తిరిగొచ్చాను. నైటీల ముక్కలు, కర్టెన్ల అంచులు, లుంగీ కొసలు, బడిపిల్లల గళ్ల చొక్కాల పీలికలు.

పద్ధతి చెబుతాను, మీకూ పనికొస్తుంది. అడుగున గట్టి గుడ్డ వేసుకోండి. నడుమ పాత తువ్వాలు. పైన అచ్చు గుడ్డ ముక్కలు పరిచి, బొమ్మ కుదిరేదాకా అటూ ఇటూ జరపాలి. సగం పొద్దు ఇక్కడే పోతుంది. ఆకుల అచ్చున్న గుడ్డను ఆకుగానే కత్తిరిస్తే అందులో గొప్పేముంది? దాన్ని చేపగా కత్తిరించండి, ఆకు ఈనెలు చేప ముళ్లయిపోతాయి. గళ్ల లుంగీ వల అవుతుంది. చుక్కల నైటీ ఇసుక అవుతుంది. అంచులు మడిచి కుట్టాక మూడు పొరలూ కలిసేలా పైనుంచి సన్న కుట్లు వేయాలి. కుట్టు పడిన చోట గుడ్డ లోపలికి పోతుంది, పడని చోట ఉబ్బుతుంది. రంగు చివర్న. సీసా మూత అంచుకు రంగు పూసి సగం సగం అద్దితే చేప పొలుసు. బెండకాయ కోసి అద్దితే పువ్వు. పాత పళ్ల బ్రష్షును రంగులో ముంచి వేలితో గీరితే అలల తుంపర. రంగు ఆరాక గుడ్డను తిరగేసి ఇస్త్రీ చేయాలి. అప్పుడిక ఉతికినా పోదు.

గుడ్డల రంగు వేరే ఉంటుందని మొదట్లో నాకు తెలియదు. పడవకు వేయగా మిగిలిన నీలం రంగు పెరట్లో ఉంటే అదే పూసేశాను. ఆరేసరికి బొంత పలకలాగా బిగిసింది. మడత పడదు, సూది దిగదు, దిగిన సూది విరిగింది. మా ఆయన దాన్ని వేళ్లతో టకటక కొట్టి చూశాడు.

“ఇది బొంత గాదే, తలుపు. ఒక గడియ గూడా బిగించు.”

మా అత్తయితే ఊరంతా చెప్పుకుంది, “మా కోడలు ఎలకలకి దుప్పట్లు కుడతా ఉండాది” అని. చేపల బేరం దగ్గర, కొళాయి దగ్గర, ఎక్కడ నలుగురు చేరితే అక్కడ.

అట్లాంటి అత్త ఒకరోజు వచ్చి నా ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

“నా ముఖం కుట్టు మే.”

“నీ ముఖమా? ఎందుకత్తా?”

“సచ్చినాక మీరు నా ఫోటో పెద్దది చేయించి ఏలాడదీస్తారు గదా. అప్పుడు నేను చూస్తానా? ముక్కు సరిగ్గా వచ్చిందో లేదో నాకెట్టా తెలుస్తది? ఇప్పుడే కుట్టు. నచ్చకపోతే ఇప్పుడే తిడతా.”

అందులో న్యాయం ఉంది కదా. మూట విప్పాను.

ముఖానికి కాఫీపొడి రంగు నైటీ గుడ్డ తీశాను. దాని మీద సన్న తెల్లచుక్కలు ఉన్నాయి. అత్త ముఖం ఆకారానికి కత్తిరించి పరిచేసరికి ఆమె గుండె బాదుకుంది. “అమ్మోరు పోసినట్టుండాది గదే!” గుడ్డను తిరగేశాను. వెనకవైపు చుక్కలు మసగ్గా, ఎండకు కమిలిన చర్మం లాగా సరిపోయింది. గళ్ల చొక్కా గుడ్డతో నెరిసిన జుట్టు. నుదుటి మీద అలల గీతల గుడ్డ పీలిక వేస్తే ముడతలు వాటంతటవే వచ్చాయి. చెంపల దగ్గర కుట్టు వేయకుండా వదిలాను, బుగ్గలు ఉబ్బాయి. రెండువైపులా ముక్కుపుడకలకు పసుపు రంగు చుక్కలు.

కళ్లు ఎప్పుడూ చివర్నే వేయాలి. అవి వేసేటప్పుడు ఆమెను నా వైపు రెప్ప వాల్చకుండా చూడమన్నాను. చూస్తూ చూస్తూ కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది.

“అట్టా నీళ్లు పెట్టుకుంటే రంగు ఎట్టా కలిపేది అత్తా?”

“నా చెల్లెలి కళ్లు గూడా నా కళ్ల మాదిరే ఉంటాయి మే. కళ్లు గుర్తుండాయి గానీ ముఖం మర్చిపోతుండా.”

ఆ చెల్లెలి సంగతి మీకు చెప్పాలి. నాకు చిన్నత్త అవుతుంది. విడవలూరు వైపు పల్లెలో ఉంటుంది. పెన్నకు ఇవతల మేం, అవతల ఆమె. అక్కచెల్లెళ్లకు గొడవ వచ్చింది నా పెళ్లి మర్నాడు, కాబట్టి నాకు పూస గుచ్చినట్టు గుర్తు. చిన్నత్త ఆ రోజు ఆకుపచ్చ చీర కట్టుకుంది, నిమ్మపండు రంగు అంచు.

మా అత్త కొత్త వియ్యాలవారి కోసం మామిడికాయ వేసి చేపల పులుసు వండింది. అందరూ విస్తళ్ల ముందు కూర్చున్నారు. చిన్నత్త ఒక ముద్ద నోట్లో పెట్టుకుని మా పుట్టింటి వాళ్ల ముందు గట్టిగా అంది: “మా అక్క పులుసు రేపు తినాల. ఈ రోజు తింటే చేప ఒక దారి, పులుసు ఒక దారి.” మన పులుసు మర్నాటికే కదా రుచి తేలేది, ఆ మాట ఎవరికి తెలియదు? ఆమె సరదాకే అంది. కానీ ఆ రోజు మా అత్త కొత్తగా అత్త అయింది. విస్తరి పట్టుకుని లాగేసింది.

“అయితే రేపే రా. ఈ రోజు లెయ్!”

చిన్నత్త ఎంగిలి చేత్తోనే లేచి సముద్రం దాకా నడిచింది. దోసిట్లోకి నీళ్లు తీసుకుంది. “గంగమ్మ సాక్షి. నువ్వు సస్తే తప్ప నీ గడప తొక్కను.” మా అత్త కూడా మోకాళ్ల లోతు దిగి దోసిలి పట్టింది. “నేనూ అంతే. నీ సావుకే వస్తా.”

మామూలు ఒట్టయితే తీసి గట్టున పెట్టొచ్చు. సముద్రం నీళ్లు పట్టుకుని పెట్టిన ఒట్టుకు గట్టు లేదు. మగపిల్లలు ఆ నీళ్ల మీదే తిరుగుతారు. ఆ ఒట్టు తప్పి, తర్వాత పడవ తిరిగి రాకపోతే ఏ తల్లి తట్టుకుంటుంది? ఫోనులో మాట్లాడుకోకూడదని ఒట్టులో లేదు. కానీ ముందు ఎవరు చేయాలన్న దగ్గర అది ఆగిపోయింది. పోనీ బయట ఎక్కడైనా కలుసుకో అత్తా అంటే, “బయట కలిస్తే కూడెట్టా పెట్టేది?” అనేది. ఆమెకు కావలసింది అదొక్కటే. చెల్లెలు ఈ ఇంట్లో కూర్చుని ఆమె చేతి ముద్ద తినాలి. నా పెద్దకూతురి కాలేజీ చదువు కూడా అయిపోయింది, ఆ ముద్ద మాత్రం అట్లాగే ఉంది.

సరే, బొంతకు వద్దాం. చుట్టూ అంచు వేయాలి. మూటలో బంతిపూల అచ్చున్న కర్టెను ముక్క దొరికింది. చక్కగా ముఖం చుట్టూ తిప్పాను. తగిలించడానికి చోటు చూస్తే, మా గోడలు ఉప్పుగాలికి పెళుసెక్కిపోయి ఉంటాయి, మేకు కొడితే గోడే వస్తుంది. నిలబడిన మేకులు రెండే. ఒకదానికి మా మామ ఫోటో. ఆయన పోయి చాలా కాలమైంది, ఫోటో పైన చిన్న ఎర్ర బల్బు వెలుగుతుంటుంది. పక్క మేకుకు క్యాలెండరు ఉండేది.

“ఆయన పక్కనే ఎయ్యి,” అంది అత్త. “ఉన్నన్నాళ్లూ ఒక్క పూటన్నా పక్కన కూర్చున్నాడా ఆ మనిషి? ఇప్పుడు యాడికి పోతాడు?”

క్యాలెండరు తీసి అత్తను తగిలించాను. ఎర్ర బల్బు వెలుతురు ఇద్దరి మీదా పడింది. బంతిపూల మధ్య అత్త, పక్కన మామ. చాలా బాగుంది అనుకున్నాం. మా ఇంట్లో ఒక్కరికి కూడా, ఒక్కరికంటే ఒక్కరికి, అది ఎట్లా కనబడుతోందో తట్టలేదు.

విడవలూరు వైపు నుంచి ఎండుచేపలు కొనడానికి ఒకామె వస్తుంటుంది. ఆమె వచ్చిన పూట అత్త పడవల దగ్గరికి పోయి ఉంది. అత్త పులుసుకని నేను ఎర్రగడ్డలు కోస్తున్నాను, కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి. ఆమె గుమ్మంలో నిలబడి గోడ చూసింది, నన్ను చూసింది, మళ్లీ గోడ చూసింది. గోనెసంచి అక్కడే పడేసి వచ్చి నన్ను కావలించుకుని భోరుమంది.

మా వైపు ఒక మర్యాద ఉంది. ఇంటికొచ్చిన ఆడది ఏడిస్తే ముందు మనమూ ఏడవాలి. ఎందుకని అడగడం తర్వాత. ఏడుపు మధ్యలో కారణం అడగడం అన్నం మధ్యలో ఆకు లాగినట్టు. ఆమెకు ఏం కష్టం వచ్చిందో పాపం అని నేనూ గొంతు కలిపాను.

“మొన్న గూడా నాతో బేరమాడింది గదమ్మే!” అంది ఆమె వెక్కుతూ.

ఆమెకు కావలసినవాళ్లు ఎవరో పోయారనుకున్నాను. “మన చేతిలో ఏముండాదక్కా.”

“బాధ పడిందా?”

“పడనోళ్లు ఎవురుండారక్కా ఈ లోకంలో.”

“పోనీలే, నీ దగ్గర ఏ లోటూ లేకుండా ఎల్లిపోయింది,” అని నా తల నిమిరింది. నా తల ఎందుకు నిమురుతోందా అనుకున్నాను గానీ, దుఃఖంలో ఉన్న మనిషి ఏది దొరికితే అది నిమురుతుంది. ముక్కు చీదుకుని లేచి, పోయొస్తానని కూడా అనకుండా వెళ్లిపోయింది. చేపలు కొనలేదు. అంత దుఃఖంలో వ్యాపారం ఎట్లా గుర్తుంటుంది, ఆ తల్లి పచ్చగా ఉండాలి అని దండం పెట్టుకుని మళ్లీ ఎర్రగడ్డలు కోసుకున్నాను.

మర్నాడు పొద్దున నేను పెరట్లో చేపలు తిరగేస్తున్నాను. అత్త గంప చంకన పెట్టుకుని ఒడ్డు నుంచి వస్తోంది. అంతలో మా ఇంట్లోంచి ఏడుపు. మామూలు ఏడుపు కాదు, రాగం తీసి, ఊపిరి పట్టి వదిలే శోకం. అత్త నా వైపు చూసింది, నేను ఆమె వైపు చూశాను. ఆమె గంప దించేసి ఒక్క మాట అడగకుండా, దారిలోనే గొంతెత్తుకుని లోపలికి పరిగెత్తింది. నేను వెనకే.

గోడకు ఎదురుగా ఒకామె కూర్చుని ఉంది. కొంగు నెత్తి మీంచి ముఖం దాకా లాక్కుంది. ఒళ్లో కొత్త చీర, పుట్టింటివాళ్లు చనిపోయిన ఆడపడుచుకు తెచ్చే చీర.

“ఓ నా అక్కా... రేపు తినాలన్నానని రేపే లేకుండా పోతివే నా అక్కా...”

మా అత్త ఆమె పక్కన కూలబడి మెడ చుట్టూ చెయ్యి వేసింది. “ఓ నా తల్లీ... నీకెంత కష్టమొచ్చె నా తల్లీ...” ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని ముందుకూ వెనక్కూ ఊగారు. రాగం బాగా కుదిరింది. నేనూ ఒక మూల కూర్చుని అందుకున్నాను. కాసేపటికి, ఊపిరి తీసుకునే సందులో అత్త మెల్లగా అడిగింది.

“ఎవురు మే పోయింది?”

“మా అక్క!”

“అయ్యో, సొంత అక్కే? పెద్ద వయసా?”

“నీ అంత ఉంటది తల్లీ...” అంటూ ఆమె కొంగు తీసి చూసింది.

అత్తా చూసింది. రెండు జతలూ ఒకేలాంటి కళ్లు. తర్వాత ఇద్దరూ పెట్టిన కేకకు పెరట్లో చేపల మీద కాకులన్నీ లేచిపోయాయి.

కేకలు ఆగాక సంతోషం రావాలి కదా. చిన్నత్త ముఖంలో రాలేదు. ఆమె గడప వైపు తిరిగి చూసింది. ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడింది.

“గడప తొక్కినా,” అంది. “నువ్వు బతికుండగా తొక్కినా. నా కొడుకు తెల్లారి వేటకి పోయుండాడక్కా.”

 ఇది నవ్వుకునే మాట కాదు. అత్త గోడ మీద బొంత చూసింది, మామను చూసింది, ఎర్ర బల్బు చూసింది. చెల్లెలు లేవబోతుంటే చెయ్యి పట్టుకుని కింద కూర్చోబెట్టింది.

“లెయ్యబాక. నువ్వు గడప తొక్కింది నేను సచ్చినాననే గదా?”

“అవును.”

“అయితే నేను సచ్చినట్టే. పడవ వచ్చేదాకా నేను లేను. గంగమ్మకి ఒట్టు నిలబడినట్టే.”

“నాతో మాట్లాడతా ఉండావు గదే!”

“నేను మాట్లాడ్డం లేదు మే. ఆ గోడ మీద ఉండాదే, అది మాట్లాడతా ఉండాది. నువ్వు దాని వైపు చూడు. మే కోడలా, దీపం పెట్టు. ఊరికే చూస్తావేంది, అత్త పోయింది!”

దీపం పెట్టాను. అత్త కొంగు నెత్తిన కప్పుకుని సరిగ్గా బొంత కిందికి జరిగి కూర్చుంది. చిన్నత్త బొంత వైపు తలెత్తి మాట్లాడటం మొదలుపెట్టింది. మోకాళ్ల నొప్పులు చెప్పింది, కోడలి కాన్పు చెప్పింది, పెన్నకు నీళ్లొచ్చినప్పుడు ఇంట్లోకి దూరిన పాము సంగతి చెప్పింది. ప్రతి దానికీ బొంత కింది నుంచి జవాబు వచ్చింది.

“అట్టనా?”

“అట్టనే అక్కా,” అని బొంతకు చెప్పేది.

మధ్యలో ఆమె లేచి పోయి బొంతను తడిమింది. బుగ్గలు నొక్కి చూసింది. “మెత్తగా కుట్టినావు మే. ముక్కు మాత్రం పొడుగైంది. మా అక్కకి ఇంత ముక్కు లేదు.”

“ఉండాది,” అంది కింది నుంచి అక్క.

మా ఆయన అప్పుడే వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు.

“ఎవురికే దీపం?”

“మీ అమ్మకి.”

“అమ్మ యాడ?”

“పోయుండాది. అదో, ఆడ కూర్చోనుండాది.”

ఆయన వంగి చూశాడు. వాళ్లమ్మ దవడన ఆకూవక్కా ఆడించుకుంటూ ఉంది. “సాయంత్రం దాకా నేను లేను రా,” అంది. “పోయి చిన్నమ్మ కొడుకు పడవ యాడుండాదో ఫోను చేసి కనుక్కో.” ఆయన నా వైపు చూశాడు. నేను తల ఊపాను. మా ఆయన మంచివాడు, ఇంకేమీ అడగకుండా ఫోను తీసుకుని ఒడ్డుకు పోయాడు. నడిసముద్రంలో ఫోను ఎవరికి తగులుతుంది? అయినా పోయాడు.

మధ్యాహ్నమైంది. చావింట్లో పొయ్యి వెలిగించకూడదు. వచ్చినామె ఆకలితో కూర్చుని ఉంది. అత్త చెల్లెలి వంకా పొయ్యి వంకా చూసింది. ఇన్నేళ్లకు చెల్లెలు ఇంట్లో కూర్చుంది, తాను లేచి వండిపెట్టడానికి లేదు. కాసేపు తనలో తానే గొణుక్కుని, చివరికి నాతో అంది:

“నిన్నటి పులుసు ఉండాది గదా. నిన్న వండేటప్పుడు నేను బతికే ఉన్నా. దానికి మైల లేదు. పెట్టు.”

పులుసున్న మట్టిదాక దించి కంచంలో పెట్టాను. చిన్నత్త ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నేనూ అత్తా ఆమె నోటి వైపే చూస్తున్నాం. ఆమె నమిలింది. మింగింది. బొంత వైపు చూసింది.

“ఉప్పు తక్కువ,” అంది.

“ఏందీ?” అని అత్త సగం లేచింది. నేను భుజం పట్టుకుని నొక్కాను. “సచ్చినోళ్లు లెయ్యకూడదత్తా!”

“సచ్చినదాన్ని నాకు ఉప్పు ఎట్టా తెలుస్తది, బతికుండేదానికి తెలియాల గానీ!” అని నా మీదకు నెట్టేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చిన్నత్త ఉప్పు తక్కువ పులుసు మళ్లీ వడ్డించమంది. మళ్లీ వడ్డించమంది. చివరికి దాక వంచి చూపించాల్సి వచ్చింది. అత్త కొంగు ముఖం మీదకు లాక్కుంది. ఆ కొంగు కింద ఏం చేసిందో నేను చూడలేదు, మీరూ అడగకండి.

పొద్దు వాలుతుండగా మా ఆయన పరిగెత్తుకుంటూ వచ్చాడు. “వచ్చినాడు! ఒడ్డుకొచ్చినాడంట! వంజరం చేపలు పడినాయంట!” చిన్నత్త రెండు చేతులూ ఎత్తి సముద్రం వైపు మొక్కింది. అత్త గోడకు జారబడి, “అమ్మయ్య, ఇంక లేస్తా, నడుం పట్టేసింది,” అని బతికింది.

అప్పుడే అసలు చిక్కు వచ్చింది. చీర అక్క చేతిలో పెట్టి చిన్నత్త గుమ్మం దాకా పోయింది, అక్కడ వెనక్కి తిరిగింది. “నువ్వు రావా మా ఇంటికి?”

“ఎట్టా వచ్చేది? నేనూ ఒట్టేసినా గదా. నువ్వు బతికుండావు.”

 ఒక్కసారిగా ఇద్దరూ నా వైపు తిరిగారు.

“మే కోడలా,” అంది చిన్నత్త. “ఆ గుడ్డల మూట తియ్యి.”

చీకటి పడేలోపు ముఖం కొలతలు తీసుకున్నాను. నా నెత్తి మీద వాలినట్టు అక్క నిలబడి పెత్తనం చేసింది. అక్కకంటే తెల్లగా కుట్టమని చెల్లెలు, కుట్టబాక అని అక్క. కాఫీపొడి గుడ్డ ఒకటే ఉంది, ఇద్దరికీ అదే. ఆమెకు ఎడమ కనుబొమ్మ దగ్గర మచ్చ ఉంటే చీపురుపుల్లతో రంగు చుక్క పెట్టాను. అంచు దగ్గరికొచ్చేసరికి బంతిపూల కర్టెను అయిపోయింది. మిగిలింది చంటిపిల్లల గుడ్డ, దాని నిండా బాతులు.

“సచ్చినోళ్ల చుట్టూ బాతులేంది మే!” అంది చిన్నత్త.

బెండకాయ కోసి, నారింజ రంగు చిక్కగా కలిపి, బాతు మీద బాతు మీద అద్దుకుంటూ పోయాను. దూరం నుంచి చూస్తే బంతిపూలే. దగ్గరికొస్తే ప్రతి పువ్వులోంచీ ఒక ముక్కు బయటికి చూస్తుంది. తిరగేసి ఇస్త్రీ పెట్టె ఆనించినప్పుడు చిన్నత్త తన రెండు చెంపలూ చేతులతో పట్టుకుంది. “మెల్లగా మే, మెల్లగా.”

తెల్లారాక ఆమె దాన్ని చంకన పెట్టుకుని పోయింది. తర్వాత కబురు వచ్చింది: చిన్నత్త పోయింది, రండి.

అత్తా నేనూ ఆటోలో బయలుదేరాం. పులుసు దాక నా ఒళ్లో. అత్త దారి పొడుగునా శోకం సాధన చేసింది. పెన్న వంతెన మీద గొంతు బాగా తెరుచుకుంది. ఆటో నడిపే ఆయన అద్దంలో చూసి, “బాధపడబాక అవ్వా, అందరం పోవాల్సినోళ్లమే,” అన్నాడు. “నువ్వు ముందు చూసి నడుపు నాయనా, ఇప్పుడిప్పుడే కలుస్తుండాం,” అంది అత్త.

చిన్నత్త ఇంటి ముందు దిగాం. లోపల గోడ మీద బాతుల మధ్య ఆమె ముఖం, కింద దీపం. అత్త వీధిలోనే నిలబడి కొంగు సర్దుకుని, పద్ధతి ప్రకారం మొదటి నుంచీ ఎత్తుకుంది: “ఓ నా చెల్లా... ఉప్పు తక్కువన్న నోరు మూగబోయెనా నా చెల్లా...” ఇరుగుపొరుగు తలుపులు తెరుచుకున్నాయి. అత్త రెండో చరణం అందుకుంది. మూడోది అందుకోబోతుంటే లోపల్నుంచి చనిపోయినామె కేకేసింది:

“ఎంతసేపు మే నన్ను సచ్చి కూర్చోమంటావు? కాళ్లు తిమ్మిరెక్కినాయి. రా లోపలికి!”

అత్త కళ్లు తుడుచుకుని కుడికాలు ముందు పెట్టి గడప దాటింది.

ఇప్పుడు వాళ్లు ఒకరి చావుకు ఒకరు వస్తూ పోతూ ఉంటారు. గంగమ్మ ఒప్పుకుందా అని నన్నడగకండి. పడవలు పోతున్నాయి, వస్తున్నాయి. ఇందుకూరుపేట నుంచి మొన్న ఒకాయన వచ్చి, తమ్ముడితో మాటల్లేవని, తనకో బొంత కుట్టిపెట్టమని అడిగాడు. మీసాలకు సరైన గుడ్డ వెతుకుతున్నాను.

మీరు చల్లగా ఉండాలి తల్లీ. మీ ఇంట్లో పొయ్యి వెలుగుతూ ఉండాలి, మీ దాకలో మర్నాటికి పులుసు మిగులుతూ ఉండాలి, అది తినడానికి మీ తోబుట్టువులు చావు కబురు కోసం ఆగకుండా బతికుండగానే మీ గడప తొక్కుతూ ఉండాలి.